చీము ఉన్నచోట మందు ఒక్కటే చాలదు

(నర్సింగ్ విద్యార్థులు, ఊరివాళ్లు కలిసి విన్న ఒక సభలో గుండె ఆపరేషన్లు చేసే ఒక రిటైర్డ్ డాక్టరుగారి ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

కూర్చోండి, కూర్చోండి. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి. ముందు వరస ఎప్పుడూ ఖాళీయే, మా కాలేజీ రోజుల్లోనూ ఇంతే.

గుండె జబ్బుల గురించి మాట్లాడమని పిలిచారు. స్టెంటు, బైపాసు, కొలెస్టరాల్ గురించి చెప్తాననుకుని వచ్చి ఉంటారు. వాటి గురించి చెప్పేవాళ్లకి కొదవ లేదు, మీ ఫోన్ల నిండా వాళ్లే. నేను వేరే సంగతి చెప్తాను. గుండె చుట్టూ ఒక సంచి ఉంటుంది. దాని పేరు పెరికార్డియం. ఆ సంచిలో చీము పడితే ఏం చేయాలి, ఇదే ఇవాళ్టి సంగతి. అరుదైన జబ్బే. ఇక్కడున్న అమ్మాయిలు ఉద్యోగం మొత్తం మీద రెండు కేసులు చూస్తే ఎక్కువ. మరి ఎందుకు చెప్తున్నాను? చికిత్స లేకుండా వదిలేస్తే దీంట్లో బతికి బట్టకట్టినవాళ్లు లేరు కాబట్టి. చికిత్స ఇచ్చినా పదిమందిలో నలుగురు దాకా పోతారని యూరప్ గుండె వైద్యుల సంఘం 2004లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. ఆ నలుగురిలో ఒకర్ని నేను పోగొట్టాను. ఆ సంగతి కూడా చెప్తాను.

ముందు ఆ సంచి ఎలా ఉంటుందో చూద్దాం. రెండు పొరలు. లోపలిది గుండెకి అంటుకుని ఉంటుంది, బయటిది తోలులాగా గట్టిగా ఉంటుంది. మధ్యలో కొంచెం నీరు, మామూలుగా 15 నుంచి 50 మిల్లీలీటర్లు. గుండె కదిలేటప్పుడు రాపిడి లేకుండా అది నూనెలా పనిచేస్తుంది. బయటి పొర తోలులాంటిదన్నాను కదా, అది గుర్తుపెట్టుకోండి. కొత్త తోలు చెప్పులు కొంటాం. మొదటి రోజు కరుస్తాయి. నెల తిరిగేసరికి కాలికి సరిపడా సాగుతాయి. కానీ గంటలో సాగమంటే సాగుతాయా? సాగవు. ఈ సంచీ అంతే. నెలల తరబడి మెల్లగా నీరు చేరితే లీటరు పైన కూడా పడుతుంది, మనిషి నడుచుకుంటూ ఓపీకి వస్తాడు. అదే గంటల్లో చేరితే 150, 200 మిల్లీలీటర్లు చాలు. ఒక మజ్జిగ గ్లాసు. మనిషిని చంపడానికి అంతే చాలు.

ఎలా చంపుతుంది? సంచి సాగదు, లోపల చీము పెరుగుతుంది, ఆ ఒత్తిడంతా గుండె మీద పడుతుంది. గుండె కుడివైపు గదుల గోడలు పల్చగా ఉంటాయి, ముందు అవి నలుగుతాయి. ఒంట్లోంచి తిరిగొచ్చే రక్తానికి లోపలికి దారి ఉండదు. గుండె కొట్టుకోవడం మాత్రం ఆగదు. ఇంకా వేగంగా కొట్టుకుంటుంది, నిమిషానికి 130, 140. కానీ పంపడానికి లోపల రక్తమేది? బావి అడుగంటితే మోటారు తిరుగుతూనే ఉంటుంది, గొట్టంలోంచి గాలి వస్తుంది. అదీ పరిస్థితి. దీన్ని టాంపొనేడ్ అంటాం.

ఇప్పుడు అమ్మాయిలకి ఒక ప్రశ్న. పేషెంటుకి ఆయాసం, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, ఎక్స్‌రేలో గుండె నీళ్ల కుండలా పెద్దగా కనిపిస్తోంది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఏం రాస్తాడు? ...అదే, లాసిక్స్. మీరే అన్నారు, నేను అనలేదు. హార్ట్ ఫెయిల్యూర్ అనుకుంటాడు, ఒంట్లో నీరు తగ్గించాలనుకుంటాడు. అసలే బావిలో నీళ్లు లేవు, ఉన్న నాలుగు చుక్కలూ తోడేస్తామా? ఈ జబ్బులో లాసిక్స్ ఇస్తే బీపీ ఠపీమని పడిపోతుంది. సెలైన్ పెట్టి గుండెలోకి కాస్తయినా రక్తం వెళ్లేలా చూసుకుంటూ, ఈలోగా సంచి ఖాళీ చేయడానికి పరుగెత్తాలి.

మీ చేతిలో ఉన్న పరీక్ష ఒకటి చెప్తాను. ఖర్చు లేదు. మనం గాలి పీల్చినప్పుడు పైబీపీ కొంచెం తగ్గుతుంది, పది లోపు, అది మామూలే. ఈ రోగుల్లో పదికి మించి పడుతుంది, ఒక్కోసారి ఇరవై, ముప్పై. పీల్చినప్పుడల్లా నాడి సన్నబడి మాయమవుతుంది. కుస్‌మౌల్ అనే జర్మన్ డాక్టరు 1873లో దీనికి పేరు పెట్టాడు. మీరు బీపీ చూసేటప్పుడు పాదరసాన్ని మెల్లగా దించండి. చప్పుడు మొదట గాలి వదిలినప్పుడు మాత్రమే వినిపిస్తుంది, ఇంకా దించితే పీల్చినా వదిలినా వినిపిస్తుంది. ఆ రెండు అంకెల మధ్య తేడా చూడండి. ఇప్పుడు అన్నీ డిజిటల్ మిషన్లు కదా సార్ అంటారు. అవును, మిషన్ ఈ సంగతి చెప్పదు. అందుకే వార్డులో చేత్తో కొట్టే బీపీ మిషన్ ఒకటి దాచుకోండి.

సరే, చీము ఎక్కడి నుంచి వస్తుంది? గుండెకి పక్కిల్లు ఊపిరితిత్తి. న్యుమోనియా ముదిరి, ఊపిరితిత్తి చుట్టూ చీము పట్టి, గోడ దూకి పక్కింట్లోకి వస్తుంది. యాంటీబయాటిక్స్ రాకముందు ఎక్కువగా ఇదే దారి, న్యుమోకాకస్ అనే క్రిమి. పోయేది కుర్రాళ్లే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లే. పెన్సిలిన్ వచ్చాక అది బాగా తగ్గింది. మాట వచ్చింది కాబట్టి ఒక పేరు చెప్పుకోవాలి. 1948లో ఆరియోమైసిన్ వచ్చింది, టెట్రాసైక్లిన్ జాతిలో మొదటి మందు. దాన్ని కనిపెట్టింది డగ్గర్. ఆయన పనిచేసిన లెడర్లీ కంపెనీలో పరిశోధనంతా నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ ఏడాదే ఆయన పోయారు. భీమవరం నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఒక్కరే. సరే, మీరైనా చప్పట్లు కొట్టుకోండి.

రెండో దారి రక్తం. ఎక్కడో చర్మం మీద సెగగడ్డ, దాన్ని గిల్లుతారు, పిండుతారు. స్టఫైలోకాకస్ అనే క్రిమి రక్తంలో పడి ఎముకకో, ఊపిరితిత్తికో, ఈ సంచికో చేరుతుంది. పిల్లల్లో ఇది ఎక్కువ. పెద్దల్లో అయితే అదుపులో లేని షుగరు, డయాలసిస్, కేన్సరు మందులు. ఇలా ఒంట్లో కాపలా తగ్గినవాళ్లకి వస్తుంది. మూడో దారి కిందనుంచి. కాలేయంలో ఎడమవైపు గడ్డ పట్టి, పైకి పగిలి సంచిలోకి చేరుతుంది. అది అమీబా పని, బాక్టీరియాది కాదు, మందు వేరు. కల్లు అలవాటున్న మగవాళ్లలో ఈ కాలేయపు గడ్డలు ఎక్కువ చూస్తామని మన దేశంలో డాక్టర్లు ఎప్పటి నుంచో రాస్తున్నారు. నవ్వకండి, కల్లు మంచిదేనని వాదించడానికి ఒకాయన ప్రతి సభలో ఉంటాడు.

ఇప్పుడు నా తప్పు. నేను పీజీ చదివే రోజులు. ఏ ఊరు, ఏ ఆసుపత్రి అనేది వద్దు. ముప్పై ఏళ్ల మనిషి, రాళ్లు కొట్టే పని. పది రోజుల జ్వరం, న్యుమోనియా. రాత్రి తొమ్మిదింటికి ఆయాసం ఎక్కువైందని నన్ను పిలిచారు. ఎక్స్‌రేలో గుండె పెద్దగా ఉంది. ఎకో మిషన్, అంటే శబ్దతరంగాలతో గుండెని చూపించే మిషన్, అది ఉన్న గదికి తాళం, తాళంచెవి ఉన్నాయన ఇంటికి వెళ్లిపోయాడు. నాకు అనుమానం వచ్చింది, రాలేదని చెప్పను. కానీ యాంటీబయాటిక్ మొదలుపెట్టాం కదా, పెద్ద మందే కదా, తెల్లారనిద్దాం, సారు వస్తారు, ఎకో చేయించి నీరు తీద్దాం అనుకున్నాను. ఛాతీలో గుండెల్లో నొప్పి అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు, అది నాకు ధైర్యం ఇచ్చింది. ఈ జబ్బులో చాలామందికి ఆ నొప్పి ఉండదని అప్పటికి నాకు తెలియదు. తెల్లవారుజామున నాలుగింటికి పోయాడు. పోస్టుమార్టంలో సంచి నిండా చీము. నేనిచ్చిన యాంటీబయాటిక్ తప్పు కాదు. క్రిమికి సరిపోయేదే. మరి ఎందుకు పోయాడు?

మన అమ్మమ్మల్ని అడిగితే చెప్పేవాళ్లు. గడ్డ పండితే ఏం చేసేవాళ్లు? కోసి చీము తీసేవాళ్లు. చీము లోపల ఉంచి మాత్రలు మింగితే తగ్గుతుందా? చీము అంటే చచ్చిన కణాల ముద్ద. రక్తనాళాలు ఉండవు, ఆక్సిజన్ ఉండదు, పుల్లగా ఉంటుంది. రక్తంలో తిరిగే మందు అందులోకి సరిగా దిగదు. జెంటామైసిన్ లాంటి మందులు ఆ పుల్లటి చీములో దాదాపు పనిచేయవు. మందు పనిచేసినా, క్రిములన్నీ చచ్చినా, ఒత్తిడి ఒత్తిడే కదా! చచ్చిన క్రిములతో నిండిన సంచి కూడా గుండెని నొక్కేస్తుంది. అందుకే చీము బయటికి రావాలి. ఆ రాత్రే రావాలి.

ఎలా తీయాలి? 1840లో వియన్నాలో ఫ్రాంజ్ షూ అనే సర్జన్ ఛాతీలోంచి గొట్టం గుచ్చి ఈ సంచిలో నీరు తీశాడు. 1911లో మార్ఫాన్ అనే ఆయన కిందనుంచి, రొమ్ముటెముక కొస కిందనుంచి సూది పంపే దారి చెప్పాడు. మీ వేలు పెట్టి చూసుకోండి, రొమ్ముటెముక అయిపోయి పొట్ట మొదలయ్యే చోట మెత్తటి కొస ఒకటి తగులుతుంది. ఆ కొస కిందే దారి. ఇదంతా గుడ్డిగానే. సూది గుండెకి తగులుతుందా, కాలేయానికి తగులుతుందా, దేవుడి దయ. 1953లో స్వీడన్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ అనే ఇద్దరు శబ్దతరంగాలతో గుండెని చూడటం మొదలుపెట్టారు, 1965లో అమెరికాలో ఫైగన్‌బామ్ ఆ పద్ధతిలో గుండె చుట్టూ నీరు ఎంతుందో పట్టొచ్చని చూపించాడు. ఇవాళ ఎకో చూస్తూ సూది పంపుతాం. అందుకే అత్యవసరంలో సూదే ముందు. కానీ చీముతో చిక్కేమిటంటే అది నీరులా ఉండదు. మొదట్లో గంజిలా ఉంటుంది, నాలుగైదు రోజులకి గడ్డపెరుగులా ముద్దలు ముద్దలుగా, మధ్యలో సాలెగూడులా పొరలు. సూదిలోంచి ఇరవై మిల్లీలీటర్లు వచ్చి ఆగిపోతుంది. ఎకోలో చూస్తే ఇంకా అంతా అక్కడే ఉంటుంది. నీరు తీసేశాం అని కేస్ షీట్‌లో రాసుకుని పడుకుంటే, పొద్దున్నకి మళ్లీ మొదటికొస్తుంది.

అందుకని విండో. అంటే కిటికీ. ఇందాక వేలు పెట్టుకున్నారే, అక్కడ రెండు మూడు అంగుళాల కోత. చాలాసార్లు కోసే చోట మాత్రమే మత్తు ఇస్తాం, కొంచెం కెటమిన్. ఎందుకంటే ఫుల్ మత్తు ఇచ్చి గొట్టం వేసి మిషన్ మీద పెడితే, ఆ ఒత్తిడికి గుండెలోకి వచ్చే కాస్త రక్తం కూడా ఆగిపోయి టేబుల్ మీదే పోవచ్చు. మత్తు డాక్టర్లకి ఇది బాగా తెలుసు, సర్జన్లే తొందరపడతారు. సంచిని పట్టుకుని చిన్న గాటు పెడితే చీము ఎగజిమ్ముతుంది. ఆ క్షణం ఎలా ఉంటుందంటే... మానిటర్ మీద 70 ఉన్న బీపీ నిమిషంలో 110కి వస్తుంది. ముప్పై ఏళ్లు ఆపరేషన్లు చేశాను, ఇంత తొందరగా ఫలితం కనిపించే ఆపరేషన్ నాకింకోటి తెలియదు. తర్వాత వేలు పెట్టి పొరలు విడగొడతాం, గోరువెచ్చటి సెలైన్‌తో కడుగుతాం, సంచి ముక్క చిన్నది కోసి పరీక్షకి పంపుతాం, గొట్టం పెట్టి బయటికి తెస్తాం. గొట్టంలోంచి రోజుకి 25, 30 మిల్లీలీటర్ల కంటే తక్కువ వచ్చేదాకా దాన్ని తీయం. గొట్టం మూసుకుపోయి ఏమీ రాకపోవడం వేరు, నిజంగా ఆగిపోవడం వేరు. అది చూసి చెప్పాల్సింది మీరే అమ్మాయిలూ, డాక్టరు రోజుకి రెండుసార్లే వస్తాడు.

లోపల ఇంకా ముద్దలు మిగిలితే? గొట్టంలోంచి స్ట్రెప్టోకైనేజ్ పంపి కరిగిస్తారు. గుండెపోటుకి ఇచ్చే ఇంజెక్షనే. 1933లో టిల్లెట్ అనే ఆయన దాని గుణం కనిపెట్టాడు, ఎక్కడ దొరికిందో తెలుసా? స్ట్రెప్టోకాకస్ క్రిమిలోనే! చీము పట్టించే జాతి క్రిమి, చీముని కరిగించే మందూ అదే ఇచ్చింది. ముల్లుని ముల్లుతో తీయడమంటే ఇదే. రక్తస్రావం భయం లేనివాళ్లకే వాడాలి, అది వేరే మాట.

మందుల సంగతికి వద్దాం. మందు అక్కర్లేదని నేననలేదు, మందు ఒక్కటే చాలదన్నాను. ముందు రక్తం కల్చర్‌కి, అంటే అందులో క్రిమిని పెంచి చూసే పరీక్షకి తీయాలి, ఆ తర్వాతే యాంటీబయాటిక్. చీము రాగానే అదీ ల్యాబ్‌కి వెళ్లాలి. రిపోర్టు వచ్చేదాకా స్టఫ్‌ని, అంటే ఇందాకటి స్టఫైలోకాకస్‌ని, గ్రామ్ నెగటివ్ అనే ఇంకో రకం క్రిములని రెండింటినీ కొట్టేలా వాంకోమైసిన్, సెఫ్ట్రియాక్సోన్ లాంటి జోడీ సెలైన్‌లో పెడతాం. రెండు మూడు రోజులకి రిపోర్టు వస్తే దానికి తగ్గట్టు మారుస్తాం. మొత్తం మూడు నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. జ్వరం తగ్గగానే మాత్రలకి మారి ఇంటికి పోవడం కాదు. మన దగ్గర వచ్చే చిక్కు ఇంకోటి ఉంది. పేషెంటు మా దాకా వచ్చేసరికి ఊళ్లో నాలుగు రకాల ఇంజెక్షన్లు పడి ఉంటాయి. కల్చర్‌లో ఏమీ మొలవదు. రిపోర్టులో నో గ్రోత్ అని వస్తుంది. నో గ్రోత్ అంటే క్రిమి లేదని కాదు, క్రిమి దాక్కుందని.

సంచిలో నీరు, కానీ చీములా లేదు, నెలల తరబడి సన్నజ్వరం, బరువు తగ్గడం. ఇలా ఉంటే మన దేశంలో ముందు అనుమానించాల్సింది టీబీని. ప్రపంచ టీబీ రోగుల్లో సుమారు నాలుగో వంతు మనవాళ్లే కదా. టీబీ కూడా బాక్టీరియానే, మెల్లగా నడిచే బాక్టీరియా. తీసిన నీటిలో ఏడీఏ అనే పరీక్ష, జీన్ ఎక్స్‌పర్ట్ పరీక్ష చేస్తారు. మందులు ఆరు నెలలు, సర్కారు ఉచితంగా ఇస్తుంది. మూత్రం నారింజరంగులోకి మారుతుంది, అది రిఫాంపిసిన్ వల్ల, రక్తం కాదు, భయపడి మానేయకండి. ఈ జబ్బులో స్టెరాయిడ్లు ఇవ్వాలా వద్దా అని మేం దశాబ్దాలు కొట్టుకున్నాం. దక్షిణాఫ్రికా గుండె డాక్టరు బొంగానీ మయోసీ ఆధ్వర్యంలో ఎనిమిది ఆఫ్రికా దేశాల్లో 1400 మంది మీద పరీక్ష చేసి 2014లో ఫలితాలు ఇచ్చారు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లలో సంచి బిగుసుకుపోవడం తగ్గింది, 7.8 శాతం నుంచి 4.4కి. కానీ చావులు, టాంపొనేడ్, బిగుసుకుపోవడం అన్నీ కలిపి లెక్కేస్తే తేడా రాలేదు. పైగా హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో కేన్సర్లు పెరిగాయి. అదే పరీక్షలో మన ఢిల్లీ శాస్త్రవేత్త ప్రాణ్ తల్వార్ పేరుతో ఉన్న ఒక క్రిమి నుంచి చేసిన మందునీ చూశారు, అది పనిచేయలేదు. మనదని పనిచేసిందని చెప్పలేం కదా.

బిగుసుకుపోవడం అన్నాను. చీము తగ్గాక కొందరికి ఆ సంచి మందంగా, సున్నం పట్టి, గుండె చుట్టూ పెంకులా తయారవుతుంది. అప్పుడు కాళ్లు వాస్తాయి, పొట్టలో నీరు చేరుతుంది. పొట్టలో నీరు అనగానే అందరూ కాలేయం అంటారు. ఒక రైతు నా దగ్గరికి వచ్చేసరికి రెండేళ్లుగా లివర్ మందులు వాడుతున్నాడు. తాగుడు మానేయమని ప్రతి డాక్టరూ తిట్టేవాడట. నేను మందు ముట్టనండీ అంటే ఒక్కరూ నమ్మలేదు, చివరికి వాళ్లావిడ కూడా! మెడ నరాలు చూస్తే చెవిదాకా ఉబ్బి ఉన్నాయి. ఛాతీ తెరిచి ఆ పెంకు వలిచేశాం. పెద్ద ఆపరేషన్, కష్టమైంది కూడా. వాళ్లావిడ ఆయనకి క్షమాపణ చెప్పిందో లేదో నాకు తెలియదు.

ప్రశ్నలా? అడగండి. ...వైరస్ వల్ల వచ్చే వాపుకీ ఇదే చికిత్సా అని అడుగుతోంది ఆ అమ్మాయి. కాదమ్మా. వైరస్ వాపుకి ఐబుప్రొఫెన్ లాంటివి, కోల్చిసిన్ మాత్రలు, విశ్రాంతి. చాలామందికి అలాగే తగ్గిపోతుంది. దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టడం వల్లే తిప్పలు. చలిజ్వరంతో నీరసించి, రక్తంలో తెల్లకణాలు బాగా పెరిగి, సంచిలో నీరున్న మనిషికి ఐబుప్రొఫెన్ ఇచ్చి ఇంటికి పంపితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇంకెవరో... సెగగడ్డ పిండితే గుండెకి చీము పడుతుందా అంటున్నారు. ప్రతి గడ్డకీ పడితే మనలో ఎవరం మిగలం. కానీ ఒక కుర్రాడి సంగతి చెప్తాను. తొమ్మిదేళ్లవాడు, ప్రకాశం జిల్లాలో ఒక ఊరు. తొడ మీద గడ్డ. పిండారు, పసుపు పెట్టారు. పది రోజులకి మోకాలి పైన ఎముక నొప్పి, కుంటుతున్నాడు. తర్వాత జ్వరం, ఆయాసం. తెచ్చేసరికి రాత్రి పదకొండు. ఎకోలో సంచి నిండా ఉంది. మళ్లీ రాత్రే! ఈసారి నేను తెల్లారనిద్దామనలేదు. ఒంటిగంటకి విండో చేశాం, అరలీటరు దాకా చీము. స్టఫ్ మొలిచింది. తొడ ఎముకలో చీము కూడా ఎముకల డాక్టరు తీశాడు. నెలపైన ఆసుపత్రిలో ఉన్నాడు, నర్సులందరికీ పేర్లు పెట్టాడు, అన్నీ సినిమా హీరోయిన్ల పేర్లే.

ఏమయ్యాడంటారా? ఇప్పుడు వాడికి పాతికేళ్లు దాటాయి. సంచి బిగుసుకుందేమో అని ఏటా ఒకసారి వచ్చి ఎకో చేయించుకోమన్నాను, బుద్ధిగా వచ్చేవాడు, ఏమీ లేదు. పోయినేడాది రాలేదని టెన్షన్ పడి ఫోన్ చేశాను. సార్, మిర్చి కోతలు, కూలోళ్లు దొరకట్లేదు, వచ్చే నెల వస్తా అన్నాడు. ఇంకా రాలేదు.